ఎక్కడం రోప్‌వేలో, దిగడం కాళ్ళ మీద: ఐగర్ కాలిబాటపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

స్విట్జర్లాండులోనూ దాని ఇరుగుపొరుగు దేశాల్లోనూ ఉద్యోగాలు, చదువులు చేసుకుంటున్న పాఠకులు, వేసవిలో వారి దగ్గరికి వెళ్ళివచ్చే తల్లిదండ్రులు ఆల్ప్స్ పర్వతాల్లో ఒక రోజు నడక గురించి తరచుగా అడుగుతుంటారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే దారి గురించి, అంటే ఐగర్ శిఖరపు ఉత్తర గోడ, అంటే నిటారు రాతి ముఖం, దాని పాదాన్ని ఆనుకుని సాగే కాలిబాట గురించి అడిగినవి కావడంతో, ఈ నెల శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మేము జూరిక్‌లో ఉంటాం. నేనూ మావారూ ఐటీ ఉద్యోగులం, బాబుకు తొమ్మిదేళ్ళు. జూలై మూడో వారంలో మా అత్తమామలు రాజమహేంద్రవరం నుంచి వస్తున్నారు. మామయ్యగారికి అరవై ఆరేళ్ళు. షుగరు ఉంది కానీ మందులతో అదుపులోనే ఉంటుంది. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. అందరం కలిసి ఒక రోజు కొండల్లో నడవాలని కోరిక. ఐగర్ కాలిబాట మొత్తం దిగుడే కాబట్టి పెద్దవాళ్ళు కూడా సులువుగా నడిచేస్తారని స్నేహితులు చెబుతున్నారు. అదే రోజు రైలులో వెళ్ళి చూసే ఎత్తైన కనుమ యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ కూడా చూపించేయవచ్చా? ఎలా ఏర్పాటు చేసుకోమంటారు? (ఒక పాఠకురాలు, జూరిక్)

జవాబు: మీ స్నేహితులు చెప్పినదాంట్లో సగం నిజం, సగం ప్రమాదం. ఈ దారి చాలావరకు దిగుడే అన్నది నిజం. 2,320 మీటర్ల ఎత్తున ఉన్న ఐగర్‌గ్లెచర్ స్టేషను దగ్గర మొదలై, సుమారు ఆరు కిలోమీటర్లు నడిచాక 1,616 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్పిగ్లెన్ స్టేషను దగ్గర ముగుస్తుంది. మధ్యలో కాస్త కాస్త ఎక్కవలసిన చోట్లు ఉన్నా, మొత్తం మీద దిగేది ఏడు వందల మీటర్లు. దిగుడు కాబట్టి సులువు అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఏడు వందల మీటర్ల దిగుడు అంతే ఎక్కుడు కంటే కష్టం. అందువల్ల మీ అత్తయ్యగారిని ఈ దారిన తీసుకెళ్ళవద్దని నిర్మొహమాటంగా చెబుతున్నాను. మామయ్యగారి సంగతి ఆయన రోజువారీ నడకను బట్టి ఆలోచించవచ్చు గానీ, భార్యను ఒక్కదాన్నీ స్టేషనులో కూర్చోబెట్టి ఆయన సంతోషంగా నడుస్తారని నేననుకోను.

అయితే అందరూ ఒకే రోజున, ఒకే కొండ మీద నడిచి, మధ్యాహ్నం ఒకే చోట కలిసి భోంచేసే ఉపాయం ఒకటుంది. గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్ అనే ఒకే భవనం నుంచి రెండు రోప్‌వేలు బయలుదేరుతాయి. 2020 డిసెంబరులో మొదలైన ఐగర్ ఎక్స్‌ప్రెస్ పదిహేను నిమిషాల్లో ఐగర్‌గ్లెచర్ చేరుస్తుంది. రెండోది మెన్లిఖెన్ వైపు వెళుతుంది. మెన్లిఖెన్ నుంచి క్లైనె షైడెగ్ దాకా ఉన్న బాట నాలుగున్నర కిలోమీటర్లు; వెడల్పుగా, చదును చేసినట్టుగా, కొద్దిపాటి వాలుతో సాగుతుంది. మామూలుగా గంటన్నర పట్టే ఈ దారిని పెద్దవాళ్ళు బెంచీల మీద కూర్చుంటూ, ఫొటోలు తీసుకుంటూ రెండున్నర గంటల్లో నడిచినా ఏ నష్టమూ లేదు. నడిచినంతసేపూ ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు మూడూ ఎదురుగా నిలబడి ఉంటాయి. ఒక్కమాట చెప్పాలంటే, గోడ కింద నడిచే మీకంటే దూరం నుంచి చూసే వాళ్ళకే ఐగర్ నిండుగా కనిపిస్తుంది. క్లైనె షైడెగ్‌లో వాళ్ళు గ్రిండెల్‌వాల్డ్ వైపు వెళ్ళే పళ్ళచక్రాల రైలెక్కితే, దారిలో వచ్చేదే ఆల్పిగ్లెన్. ఆ సమయానికి మీరు గోడ కింది నుంచి నడిచి అక్కడికే దిగుతారు. స్టేషను పక్కనే భోజనశాల కూడా ఉంది. భాష రాని చోట పెద్దవాళ్ళిద్దరినీ ఒంటరిగా పంపడం సరికాదు కాబట్టి మీ దంపతుల్లో ఒకరు వారితో వెళ్ళాలి. ఎవరు వెళ్ళాలన్నది మీ ఇంటి వ్యవహారం. నేను జోక్యం చేసుకోను.

ఇక ప్రయాణ సమయాలు. జూరిక్ నుంచి ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషనుకు దాదాపు రెండు గంటలు, అక్కడి నుంచి గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్‌కు మరో అరగంట పైచిలుకు. ఇంటర్లాకెన్‌లో ఎక్కే రైలు త్స్వైల్యుట్షినెన్ అనే ఊళ్ళో రెండుగా విడిపోయి, సగం పెట్టెలు గ్రిండెల్‌వాల్డ్‌కూ, సగం లౌటర్‌బ్రున్నెన్‌కూ వెళతాయి. పెట్టె తలుపు పక్కనున్న పేరు చూడకుండా ఖాళీగా ఉంది కదా అని ఎక్కి కూర్చుంటే వేరే లోయలో తేలతారు. ఉదయం ఆరింటికి జూరిక్‌లో బయలుదేరగలిగితే, తొమ్మిదిన్నర ప్రాంతంలో ఐగర్‌గ్లెచర్‌లో ఉంటారు. మరుగుదొడ్డి అవసరాలు అక్కడే తీర్చుకోండి. ఆల్పిగ్లెన్ దాకా మళ్ళీ ఆ సదుపాయం లేదు.

నడక ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోవడానికి ఆల్ప్స్ ప్రాంతంలో ఎప్పటినుంచో వాడుకలో ఉన్న పద్ధతి ఒకటి చెబుతాను. సమతలం మీద గంటకు నాలుగు కిలోమీటర్లు, ఎక్కుడుకు గంటకు మూడు వందల మీటర్లు, దిగుడుకు గంటకు అయిదు వందల మీటర్లు అనుకుని, దూరానికి పట్టే సమయం ఒకటి, ఎత్తుపల్లాలకు పట్టే సమయం ఒకటి విడివిడిగా కట్టాలి. ఆ రెంటిలో పెద్దదానికి చిన్నదాంట్లో సగం కలపాలి. ఈ దారికి దూరం లెక్కన గంటన్నర. ఏడు వందల మీటర్ల దిగుడుకూ, వంద మీటర్ల దాకా ఉండే ఎక్కుడుకూ కలిపి సుమారు గంటా నలభై అయిదు నిమిషాలు. అంటే గంటా నలభై అయిదుకు మరో నలభై అయిదు నిమిషాలు కలిపి రెండున్నర గంటలు. ఇందులో విశ్రాంతి లేదు, ఫొటోలు లేవు, తొమ్మిదేళ్ళ పిల్లవాడు ప్రతి సెలయేటి దగ్గరా ఆగి రాళ్ళు విసరడం అసలే లేదు. అవన్నీ కలుపుకుని మూడున్నర గంటలు పెట్టుకోండి. తొమ్మిదీ నలభై అయిదుకు అడుగు వేస్తే ఒంటిగంటన్నర లోపు ఆల్పిగ్లెన్‌లో ఉంటారు. వేసవిలో ఆల్ప్స్‌లో ఉరుములూ మెరుపులూ ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే కమ్ముకుంటాయి కాబట్టి, పొద్దున్నే ఈ హడావుడి అంతా దానికోసమే అనుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ఎక్కే దారిలో అలసిపోయినా, మబ్బు పట్టినా వెనక్కి తిరిగితే చాలు, కాళ్ళు వాటంతట అవే దింపుతాయి. ఈ దారిలో వెనక్కి తిరగడమంటే అప్పటిదాకా దిగినదంతా మళ్ళీ ఎక్కడం. మధ్యలో స్టేషను లేదు, రోడ్డు లేదు. కాబట్టి వెళ్ళాలా వద్దా అనే నిర్ణయం దారి మధ్యలో కాదు, ఐగర్‌గ్లెచర్ స్టేషను బయట నిలబడి తీసుకోవాలి. ఆ ప్రాంతానికి వాన సాధారణంగా పడమటి వైపు నుంచి వస్తుంది కాబట్టి అటు చూడండి. ముందు రోజు రాత్రీ, ఆ ఉదయమూ స్విస్ వాతావరణ శాఖ యాప్ చూడండి. పిల్లవాడి ముఖం చూడండి. మూడింటిలో ఏది బాగా లేకపోయినా అక్కడి నుంచి క్లైనె షైడెగ్‌కు గంటలో దిగే వెడల్పాటి బాట ఉంది. దాన్ని పట్టుకుంటే సెలవు రోజు వృథా కాదు.

నేనీ మాట అనుభవం మీద చెబుతున్నాను. కొన్నేళ్ళ కిందట జూన్ చివరి వారంలో, దారి తెరిచారో లేదో సరిగా కనుక్కోకుండా ఈ బాట పట్టాను. నలభై నిమిషాలు హాయిగా నడిచాక, గోడలోని ఒక చీలిక నుంచి కిందికి జారి గట్టిపడిన పాత మంచు బాటకు అడ్డంగా పడి ఉంది. వెడల్పు మన ఇంటి వసారా అంత కూడా లేదు. పైన మట్టీ రాతిపొడీ పేరుకుని మంచులా కూడా కనిపించలేదు. బూటు మడమతో తన్నితే గచ్చును తన్నినట్టు మోగింది. కింద ఆ మంచు నాలుక ఒక వంద మీటర్లు జారి రాళ్ళలో ముగుస్తోంది. అటువైపు బాట అంత స్పష్టంగా కనిపిస్తుంటే నాలుగు అడుగులేగా అనిపించడం సహజం. నాకూ అనిపించింది. చేతికర్రలు గదిలో వదిలి వచ్చిన సంగతి గుర్తొచ్చి ఆగిపోయాను. దిగిన నలభై నిమిషాల దారిని వెనక్కి ఎక్కడానికి గంటకు పైగా పట్టింది, రోప్‌వేలో దిగడానికి మళ్ళీ టికెట్టు కొనవలసి వచ్చింది.

యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అదే రోజు వద్దు. ఆ రైలు ఐగర్‌గ్లెచర్ మీదుగానే వెళుతుంది కనుక పనిలో పనిగా చూసి వచ్చేయవచ్చు అనిపిస్తుంది. కానీ 3,454 మీటర్ల ఎత్తున రెండు మూడు గంటలు గడిపి వచ్చినవారికి తల బరువుగా ఉండడం మామూలే, పైగా నడక మధ్యాహ్నంలోకి జారిపోతుంది. మామయ్యగారికి షుగరు ఉంది కాబట్టి అంత ఎత్తుకు వెళ్ళేముందు డాక్టరును ఒకసారి అడగండి. మామూలు నడక రోజున కూడా మందుల వేళ, తిండి వేళ తప్పకుండా, జేబులో గ్లూకోజు బిళ్ళలో, చక్కెర పొట్లమో ఉంచండి. గ్రిండెల్‌వాల్డ్ దాటాక స్విస్ ట్రావెల్ పాస్‌తో ఉచిత ప్రయాణం ఉండదు, రాయితీ మాత్రమే ఉంటుంది. అత్తమామల కోసం ఆ పాస్ కొంటున్నట్టయితే రోప్‌వే ఖర్చు విడిగా లెక్క వేసుకోండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, మాది నెల్లూరు. మ్యూనిక్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వస్తున్నాను. అలిపిరి మెట్ల దారిన తిరుమలకు పదకొండుసార్లు నడిచి ఎక్కాను. అలాంటి నాకు దిగుడు దారి కష్టమంటే నమ్మశక్యంగా లేదు. వివరించగలరా? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: మాస్టారూ, పదకొండుసార్లు అలిపిరి నుంచి ఎక్కినవారు ఓపికలో ఎవరికీ తీసిపోరు. కానీ ఒక్క ప్రశ్న అడగనివ్వండి. దర్శనం అయ్యాక తిరుపతికి ఎన్నిసార్లు నడిచి దిగారు? మనలో చాలామంది 3,550 మెట్లు మొక్కుగా ఎక్కి, కొండ మీద నుంచి బస్సులో దిగుతారు. ఐగర్ కాలిబాట దానికి సరిగ్గా తలకిందులు. ఎక్కడం రోప్‌వేలో, దిగడం కాళ్ళ మీద. ఇక్కడ దిగే ఎత్తు తిరుమల నుంచి అలిపిరికి నడిచి దిగినదానికి ఇంచుమించు సమానం. తేడా ఏమిటంటే ఇక్కడ మెట్లు లేవు, కప్పు లేదు, పట్టుకోవడానికి పిట్టగోడ లేదు, కాలి కింద రాయి కదులుతుంది.

ఎక్కేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు కష్టపడతాయి. అలసట అప్పటికప్పుడే తెలుస్తుంది, ఆగితే తీరుతుంది. దిగేటప్పుడు తొడ ముందు భాగంలోని కండరాలు ప్రతి అడుగులోనూ సాగుతూనే శరీర బరువును పట్టి ఆపవలసి వస్తుంది. బండి బ్రేకు నొక్కి ఉంచి కొండ దిగినట్టు అన్నమాట. ఆయాసం రాదు కాబట్టి బాగానే ఉన్నాం అనిపిస్తుంది. రెండు గంటల తర్వాత ఆ కండరాలు వదులై మోకాలు వణకడం మొదలవుతుంది. బాటలో ఎక్కువ నిటారుగా ఉండే భాగం కూడా సరిగ్గా అప్పుడే వస్తుంది. ఆల్పిగ్లెన్ చేరబోయే ముందు దారి వంకరటింకర మలుపులతో ఒక్కసారిగా కిందికి దిగుతుంది. తడిసిన సున్నపురాయి ఎంత జారుతుందో అక్కడ తెలుస్తుంది. తొడల నొప్పి మాత్రం ఆ రోజు కాక మర్నాడో, ఆ మర్నాడో పట్టుకుంటుంది.

బయలుదేరడానికి ఆరేడు వారాల ముందు నుంచి వారానికి రెండు మూడుసార్లు మీ దగ్గరున్న ఏ అపార్టుమెంటులోనైనా లిఫ్టులో పైకి వెళ్ళి మెట్ల మీదుగా దిగండి. మొదట నాలుగైదు అంతస్తులతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. వాచ్‌మన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి. నడక రోజున రెండు చేతికర్రలు తప్పనిసరి. దిగుడులో వాటిని సమతలం మీదకంటే కొంచెం పొడవు పెంచుకుని, అడుగు వేసే ముందే కర్రను కింద మోపాలి. అడుగులు చిన్నవిగా, మోకాలు కొద్దిగా వంచి వేయాలి. బూటు లేసు చీలమండ దగ్గర బిగించి కట్టకపోతే వేళ్ళు ముందుకు జారి బూటు మొనకు కొట్టుకుని గోళ్ళు నల్లబడతాయి.

ఇంత చెప్పినా దిగడం మీకు ఇష్టం లేకపోతే, ఈ దారిని తిప్పి నడవండి. ఆల్పిగ్లెన్‌లో రైలు దిగి, ఏడు వందల మీటర్లు ఎక్కి, ఐగర్‌గ్లెచర్ నుంచి రోప్‌వేలో కిందికి రావచ్చు. మూడు గంటలకు పైగానే పడుతుంది. ఎక్కువమంది ఎదురు దిశలో వస్తుంటారు కాబట్టి ఇరుకు చోట్ల ఆగి దారి ఇవ్వవలసి ఉంటుంది. కానీ బాగా లేదనిపించినప్పుడు వెనుదిరగడం తేలిక, మోకాళ్ళు క్షేమం. నన్నడిగితే తిరుమల ఎక్కిన కాళ్ళకు ఇదే సరైన దిశ. చివరి రోప్‌వే ఎన్నింటికో మాత్రం ఉదయమే చూసి రాసిపెట్టుకోండి.

ప్రశ్న: నేను లొజాన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. మే నెల సెలవుల్లో నలుగురం మిత్రులం ఈ దారికి వెళ్ళాలనుకుంటున్నాం. పసుపు పలకలు, రంగు చారలు ఉంటాయట, వాటి అర్థమేమిటి? ఫోనులో సాధారణ మ్యాపు సరిపోదా? (ఒక విద్యార్థి, లొజాన్)

జవాబు: మే నెలలో వద్దు. ఊళ్ళో పచ్చిక మీద పూలు పూసినా, ఉత్తరం వైపున ఎండ సోకని గోడ కింద మంచు మేలో మామూలుగానే నిలిచి ఉంటుంది. ఈ బాట మామూలుగా జూన్ చివర గానీ జూలైలో గానీ తెరుచుకుని, అక్టోబరు దాకా ఉంటుంది. మంచి నెలలు జూలై మధ్య నుంచి సెప్టెంబరు చివరి వరకు. మే సెలవుల్లో నడవాలనే ఉంటే తున్ సరస్సు చుట్టూ, బ్రియెంజ్ సరస్సు ఒడ్డున తక్కువ ఎత్తు దారులు పుష్కలంగా ఉన్నాయి.

స్విస్ దారుల్లో పసుపు పలక మీద ఊరి పేరూ సమయమూ రాస్తారు, దూరం రాయరు. ఆ సమయం విశ్రాంతి లేకుండా నడిచేవారి లెక్క. ఉత్త పసుపు గుర్తులున్న దారి మామూలు కాలిబాట. పసుపు పలక మొనకు తెలుపు, ఎరుపు, తెలుపు చారలుంటే అది కొండదారి. దానికి తడబడని అడుగు, గట్టి బూట్లు, ఎత్తు చూస్తే కళ్ళు తిరగని స్థిరత్వం కావాలి. తెలుపు, నీలం, తెలుపు చారలుంటే అది రాళ్ళెక్కడం, మంచు దాటడం వంటివి తెలిసినవారి దారి. మీకూ నాకూ కాదు. ఐగర్ కాలిబాట రెండో రకం, అంటే ఎరుపు చార దారి. ఆరు అంచెల స్విస్ కొలమానంలో దీనిది రెండో అంచె. ఒకచోట పొరబడే అవకాశం ఉంది. మొదటి భాగంలోనే రోట్‌స్టాక్ అనే చిన్న శిఖరానికి నిచ్చెనలూ ఇనుప తాళ్ళూ బిగించిన దారి విడిపోతుంది. దానికి నడుముకు కట్టుకునే పట్టీలు, హెల్మెట్ కావాలి. ఎవరో ఎక్కుతున్నారు కదా అని నలుగురు కుర్రాళ్ళు సరదాగా నిచ్చెన పట్టుకునే చోటు అది. దయచేసి పట్టుకోకండి.

నగరంలో దారి చూపే మ్యాపు కొండ మీద చాలదు. అది బాట ఉందని చెబుతుంది, వాలు ఎంతో చెప్పదు, మూసివేశారో లేదో చెప్పదు. స్విస్ ప్రభుత్వ సర్వే సంస్థ స్విస్‌టోపో ఉచితంగా ఇచ్చే యాప్‌లో ఎత్తు గీతలున్న మ్యాపుతో పాటు మూసిన దారుల సమాచారం కూడా కనిపిస్తుంది. ఆ ప్రాంతపు మ్యాపును ముందు రోజే ఫోనులోకి దింపుకోండి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి ఫోను లోపలి జేబులో పెట్టుకోండి.

ఉరుముల గురించి కూడా చెప్పాలి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా లెక్కపెడితే, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున పిడుగు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ముప్పై సెకన్లలోపు వినిపించిందంటే పది కిలోమీటర్ల లోపే ఉందన్నమాట. అప్పుడు కర్రలు పక్కన పడేసి, ఒంటరి చెట్టు కిందా ఇనుప తాళ్ళ పక్కనా నిలబడకుండా, పల్లపు చోటులో పాదాలు దగ్గర పెట్టి గొంతుకూర్చోవాలి.

ప్రశ్న: పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళితే గోడ కింద కూర్చుని తినవచ్చా? జూలైలో చలి ఉంటుందా? స్పోర్ట్స్ షూలు చాలవా? (ఒక పాఠకురాలు, బాసెల్)

జవాబు: పులిహోర ఈ నడక కోసమే పుట్టినట్టుంటుంది. పెరుగన్నం సంచిలో ఒలికితే మిగతాదంతా పాడవుతుంది, మీ ఇష్టం. కానీ గోడ కింద కూర్చోకండి. సున్నపురాతి గోడ నిటారుగా 1,800 మీటర్లు లేచి ఉంటుంది. ఎండ తగిలి పైన మంచు కరిగే కొద్దీ దాన్ని పట్టుకుని ఉన్న రాళ్ళు జారుతాయి. ఈ గోడను మొదటిసారి 1938 జూలైలో హెక్మయర్, ఫోర్గ్, హారర్, కాస్పారెక్ అనే నలుగురు ఎక్కగలిగారు. అంతకుముందు ప్రయత్నించినవారిలో పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రాళ్ళు పడడం, వాతావరణం క్షణాల్లో మారడం ఆ గోడకు మొదటినుంచీ ఉన్న పేరు. బాట గోడకు కొంత ఎడంగానే సాగినా, కొత్తగా విరిగి తెల్లగా మెరిసే రాళ్ళు చెల్లాచెదురుగా ఉన్న చోట ఆగకుండా దాటండి. గోడ నుంచి దూరంగా, పచ్చిక తిన్నెలు మొదలయ్యాక, వెట్టర్‌హార్న్ శిఖరం ఎదురుగా కనిపించే చోట విప్పుకోవచ్చు.

చలి ఉంటుంది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ ఉష్ణోగ్రత దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. గ్రిండెల్‌వాల్డ్‌లో ఇరవై డిగ్రీలుంటే ఐగర్‌గ్లెచర్‌లో పన్నెండు. పైగా ఉదయం పూట మీరు నడిచేది ఉత్తర గోడ నీడలో. ఒక స్వెట్టరు, గాలీ వానా ఆగే పైకోటు, టోపీ ప్రతి ఒక్కరి సంచిలోనూ ఉండాలి. నూలు బనియను తడిస్తే ఒంటికి అతుక్కుని చలి పుట్టిస్తుంది కాబట్టి త్వరగా ఆరే గుడ్డ మేలు. నీడ దాటి ఎండలోకి వచ్చాక మాత్రం సన్‌స్క్రీన్, నల్ల కళ్ళద్దాలు కావాలి. ఎత్తు పెరిగే కొద్దీ ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడా పెరుగుతాయి. బూట్ల విషయంలో అడుగున లోతైన గాట్లున్న ట్రెక్కింగ్ బూట్లే వేసుకోండి, కొత్తవైతే రెండు వారాలు ఊళ్ళో నడిచి అలవాటు చేసుకోండి. నీళ్ళు మనిషికి లీటరున్నర. దారిలో ఏరులు కనిపిస్తాయి గానీ, పైన పశువులు మేసే చోట వాటిని తాగకపోవడమే మంచిది.

పశువుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆల్పిగ్లెన్ చేరువలో మెడగంటల ఆవులు కనిపిస్తాయి. మన ఊరి ఆవుల్లా నుదురు నిమిరి దణ్ణం పెట్టుకుందామని దగ్గరికి వెళ్ళకండి. దూడలున్న తల్లి ఆవు బెదిరితే మీదికి వస్తుంది. బాటకు అడ్డంగా పడుకుని ఉంటే నిశ్శబ్దంగా, దూరంగా చుట్టూ తిరిగి వెళ్ళండి. దారికి అడ్డంగా ఉన్న తీగెలో కరెంటు ఉంటుంది. దాని ప్లాస్టిక్ పిడి పట్టుకుని తెరిచి, దాటాక మళ్ళీ తగిలించండి.

ప్రశ్న: దారిలో కాలు విరిగితే ఎవరిని పిలవాలి? హెలికాప్టరు వస్తే ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? నా భార్య ఉద్యోగం చేయడం లేదు, అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తున్నారు. (ఒక పాఠకుడు, బెర్న్)

జవాబు: 112 అయినా సరే, ఆపదలో ఉన్నవారిని హెలికాప్టర్లతో కాపాడే స్విస్ సంస్థ రేగా నంబరు 1414 అయినా సరే చేయండి. రేగా యాప్ ఫోనులో ఉంటే అది మీరున్న చోటును కూడా వారికి పంపుతుంది. సిగ్నలు లేకపోతే ఈల గానీ టార్చి గానీ వాడి నిమిషానికి ఆరుసార్లు సంకేతం ఇచ్చి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు ఇవ్వాలి. నిమిషానికి మూడుసార్లు జవాబు వస్తే విన్నారని అర్థం. హెలికాప్టరు కనిపించినప్పుడు సాయం కావాలంటే రెండు చేతులూ పైకి చాచి నిలబడండి. అక్కర్లేదంటే ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి ఉంచాలి. ఉత్సాహంతో చేతులు ఊపి పలకరించడం మాత్రం వద్దు, దాన్ని ఆపదగా భావిస్తారు.

ఖర్చు విషయంలో మీకు, మీ భార్యకు, మీ అమ్మానాన్నలకు మూడు రకాల లెక్క. ఒకే యజమాని దగ్గర వారానికి ఎనిమిది గంటలైనా పనిచేసే ఉద్యోగికి, పని వేళ బయట జరిగే ప్రమాదాలకు కూడా యజమాని ద్వారానే ప్రమాద బీమా ఉంటుంది, కాబట్టి మీ సంగతి చూసుకోనక్కర్లేదు. ఉద్యోగం లేని మీ భార్యకు ఆ బీమా వర్తించదు. ఆమె ఆరోగ్య బీమాలో ప్రమాదం అనే అంశం చేర్చారో లేదో చూడండి. కొందరు నెలకు కొద్దిపాటి డబ్బు మిగులుతుందని దాన్ని తీసేయిస్తారు. చేర్చి ఉన్నా, ప్రాథమిక ఆరోగ్య బీమా కొండ మీది నుంచి రక్షించే ఖర్చులో సగమే, అదీ ఏడాదికి 5,000 ఫ్రాంకుల వరకే చెల్లిస్తుంది. హెలికాప్టరు ఖర్చు ఆ పరిమితిని ఇట్టే దాటగలదు కనుక అదనపు బీమా గానీ రేగా పోషక సభ్యత్వం గానీ ఆలోచించండి.

అమ్మానాన్నల కోసం మన దగ్గర కొనే వీసా బీమా చికిత్సకు పనికొస్తుంది గానీ, కొండ మీది నుంచి హెలికాప్టరులో దింపడం అందులో ఉందో లేదో పాలసీ కాగితంలోనే వెతకాలి. కొన్ని పాలసీలు ట్రెక్కింగును ఫలానా ఎత్తు దాకా అని పరిమితం చేస్తాయి. ఈ దారి ఎత్తు 2,320 మీటర్లు అని ఏజెంటుకు అంకెతో సహా చెప్పి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పాలసీ నంబరు, వారు వాడే మందుల పేర్లు, మీ ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఎవరి సంచి పై అరలో వారిదే ఉంచండి. మీ ఫోను మీతోపాటే వేరే కొండ మీద ఉండవచ్చు.